27కి హిట్టు, 32కి ఫ్లాపు, 57కి మళ్ళీ సినిమా: స్వీడన్ డైరెక్టర్ రాయ్ ఆండర్సన్ కథ

 

ఈరోజు ఎపిసోడ్ ఒక స్వీడన్ డైరెక్టర్ గురించి. స్వీడన్ అనగానే సినిమా పిచ్చోళ్ళందరూ ఇంగ్మార్ బెర్గ్‌మన్ పేరు చెప్తారు. ఆయన గురించి ఇంటర్నెట్‌లో వెయ్యి వీడియోలున్నాయి, నేను వెయ్యిన్నొకటోది చెయ్యను. నేను చెప్పబోయేది రాయ్ ఆండర్సన్ గురించి. ముందే చెప్తున్నా, వెస్ ఆండర్సన్ కాదు, పాల్ థామస్ ఆండర్సనూ కాదు. రాయ్. 1943లో గోథెన్‌బర్గ్‌లో పుట్టాడు. మామూలు కార్మిక కుటుంబం.

ఈయన కెరీర్‌ని మూడు నంబర్లలో చెప్పొచ్చు. 27 ఏళ్ళకి మొదటి సినిమా, పెద్ద హిట్టు. 32 ఏళ్ళకి రెండో సినిమా, అట్టర్ ఫ్లాపు. 57 ఏళ్ళకి మూడో సినిమా. 32కీ 57కీ మధ్య ఎంత? పాతికేళ్ళు. ఈ పాతికేళ్ళు ఆయన ఏం చేశాడో తెలుసా? యాడ్స్ తీశాడు. ఇన్సూరెన్స్ యాడ్స్, లాటరీ యాడ్స్. ఒకటో రెండో కాదు, 400కి పైగా.

సాధారణంగా ఈ కథని ఎలా చెప్తారంటే, "పాపం, ఒక గొప్ప కళాకారుడు పొట్టకూటి కోసం యాడ్స్ తీసుకుంటూ కాలం గడిపాడు, చివరికి గెలిచాడు" అని. వెనకాల వయొలిన్ మ్యూజిక్ ఒకటి. నేను ఈయన సినిమాలన్నీ వరుసపెట్టి చూశాక నాకు ఆ కథ తప్పనిపించింది. ఎందుకో చెప్తాను.

మొదటి సినిమా నుంచి మొదలుపెడదాం. ఆండర్సన్ స్టాక్‌హోమ్‌లో ఫిల్మ్ స్కూల్లో చదివాడు. అప్పట్లో ఆ స్కూలు మీద పర్యవేక్షణ ఎవరిదంటే, సాక్షాత్తూ బెర్గ్‌మన్‌ది. అరవైల చివర, వియత్నాం యుద్ధం టైమ్. స్టూడెంట్స్ కెమెరాలు పట్టుకుని ఊరేగింపులు, ధర్నాలు షూట్ చేస్తున్నారు. ఆండర్సన్ ఇంటర్వ్యూల్లో చెప్పేదాన్ని బట్టి, బెర్గ్‌మన్ వీళ్ళని గదికి పిలిచి, ఇలాంటివి తీస్తూ పోతే నీకు పెద్ద సినిమా తీసే ఛాన్స్ ఎప్పటికీ రాదని వార్నింగ్ ఇచ్చేవాడట. ఇది ఆండర్సన్ వెర్షన్, బెర్గ్‌మన్ వైపు నుంచి మనం వినలేదు, అది గుర్తుపెట్టుకోండి.

ఏమైనా, ఛాన్స్ వచ్చింది. 1970లో "ఎ స్వీడిష్ లవ్ స్టోరీ" రిలీజయింది. కథ చాలా సింపుల్. పదిహేనేళ్ళ అబ్బాయి పేర్, ఇంచుమించు అదే వయసు అమ్మాయి ఆనికా. వేసవి సెలవులు, మోపెడ్లు, లెదర్ జాకెట్లు, దొంగచాటు చూపులు. డైలాగులు తక్కువ. స్వీడన్‌లో జనం విరగబడి చూశారు, బెర్లిన్ ఫెస్టివల్లో అవార్డులొచ్చాయి. ఇప్పటికీ అక్కడ ఆ సినిమా అంటే ప్రాణం పెట్టేవాళ్ళున్నారు.

కానీ ఆ సినిమాలో పిల్లల ప్రేమ పక్కన ఇంకొకటి నడుస్తూ ఉంటుంది. చాలామంది మిస్సవుతారు. పెద్దవాళ్ళు. ఆనికా వాళ్ళ నాన్న ఫ్రిజ్‌లు అమ్ముతాడు. సేల్స్‌మన్. లోపల లోపల కుళ్ళిపోతున్న మనిషి. జీవితంలో తనకేదో రావాల్సింది రాలేదని కోపం, ఆ కోపం ఎవరి మీద చూపించాలో తెలీదు. క్లైమాక్స్‌లో అందరూ కలిసి రొయ్యల్లాంటి క్రేఫిష్‌ల విందు చేసుకుంటారు. అది వాళ్ళ ఆగస్టు పండగ లాంటిది, నెత్తి మీద కాగితం టోపీలు పెట్టుకుని మందు తాగుతూ పాటలు పాడతారు. ఆ విందు మధ్యలో ఈయనకి మొత్తం కట్టలు తెంచుకుంటుంది. తెల్లవారుజామున పొగమంచులో ఎటో వెళ్ళిపోతాడు, పెద్దవాళ్ళంతా భయపడి వెతుక్కుంటూ తిరుగుతుంటారు. పిల్లలిద్దరికీ ఇదేమీ పట్టదు, వాళ్ళ లోకం వాళ్ళది.

ఆ ఫ్రిజ్‌లు అమ్మేవాణ్ణి గుర్తుపెట్టుకోండి. మళ్ళీ వస్తాడు.

ఇప్పుడు 27 ఏళ్ళకి ఇంత హిట్టు కొట్టాక మీరైతే ఏం చేస్తారు? నేనైతే "ఎ స్వీడిష్ లవ్ స్టోరీ 2" అనౌన్స్ చేస్తా. అడిగినవాళ్ళు లేకపోలేదు, అందరూ ఆయన్నుంచి అలాంటిదే ఇంకోటి కోరుకున్నారు. ఆయనకి మాత్రం అదే మళ్ళీ తియ్యడం ఇష్టం లేకపోయింది. ఐదేళ్ళు తీసుకుని "గిలియాప్" తీశాడు. ఒక పాత హోటల్లోకి వెయిటర్‌గా వచ్చిన పేరులేని మనిషి కథ. బడ్జెట్ దాటిపోయింది, షెడ్యూల్ దాటిపోయింది. 1975లో రిలీజయింది. క్రిటిక్స్ ఉతికేశారు, జనం రాలేదు.

నేను చూశాను. రెండుంపావు గంటలకి పైనే ఉంటుంది, ఫ్రాంక్‌గా చెప్పాలంటే మధ్యలో నాకు నిద్రొచ్చింది. ఫ్రేములు మాత్రం అద్భుతం. కెమెరా వెనక్కి జరిగి మనుషుల్ని గదితో సహా చూడటం అక్కడే మొదలైంది. కానీ 1975లో నిర్మాతకి ఇవేం కావాలి? బడ్జెట్ దాటించి ఫ్లాపిచ్చినవాడికి మళ్ళీ డబ్బులెవడిస్తాడు? డోర్స్ క్లోజ్.

ఇక్కడ్నుంచి ఆయన యాడ్స్‌లోకి వెళ్ళాడు. ఆ యాడ్స్ కొన్ని యూట్యూబ్‌లో దొరుకుతాయి, చూడండి. మీకు స్వీడిష్ రాకపోయినా పర్లేదు. ఒక మామూలు ఇల్లు, లేకపోతే ఆఫీసు. కెమెరా కదలదు. క్లోజప్ ఉండదు, కట్ ఉండదు. ఒకే షాట్. అందులో అందంగా లేని, లావుగా, బట్టతలతో, మన పక్కింటి అంకుల్‌లా ఉండే ఒక మనిషి ఏదో పని చేసుకుంటూ ఉంటాడు. ఏదో తేడా కొడుతుంది. పక్కనున్నవాళ్ళు అలా చూస్తూ ఉండిపోతారు. అంతే, కింద ఇన్సూరెన్స్ కంపెనీ పేరు పడుతుంది. మీరు పగలబడి నవ్వుతారు, నవ్వాక ఎక్కడో కొంచెం జాలేస్తుంది.

కాన్స్‌లో యాడ్ ఫిల్మ్స్‌కి వేరే ఫెస్టివల్ ఉంటుంది. అక్కడ ఈయనకి ఎనిమిది గోల్డెన్ లయన్స్ వచ్చాయి. బెర్గ్‌మన్ కూడా ఇవి ప్రపంచంలోనే బెస్ట్ యాడ్స్ అన్నాడని చెప్పుకుంటారు. సినిమా తియ్యలేవని వార్నింగ్ ఇచ్చినాయన యాడ్స్ బాగా తీస్తున్నావని మెచ్చుకున్నాడన్నమాట. అది కాంప్లిమెంటో, సెటైరో, మీరే తేల్చుకోండి.

1985లో సోషల్ డెమొక్రాట్ పార్టీకి ఒక ఎలక్షన్ ఫిల్మ్ తీశాడు. మామూలుగా పార్టీ యాడ్ అంటే నాయకుడు చెయ్యి ఊపుతాడు, పిల్లలు పరిగెత్తుతారు, పంట పొలాలు కనిపిస్తాయి. ఇందులో అవేం లేవు. ఒకరినొకరు అస్సలు పట్టించుకోని సమాజం ఎలా ఉంటుందో ఒక్కో సీన్‌లో చల్లగా చూపించి, చివర్లో ఒక ప్రశ్న వేస్తాడు. మనం ఒకరినొకరం ఎందుకు పట్టించుకోవాలి అని. అంతే. ఓటెయ్యండి అని అరవడు.

సరే, ఇక్కడే నా పాయింట్ మొదలవుతుంది. ఈ యాడ్స్ ఆయనకి ఏమిచ్చాయి?

ఒకటి, డబ్బు. ఆ డబ్బుతో 1981లో స్టాక్‌హోమ్ నడిబొడ్డున సొంతంగా ఒక బిల్డింగ్‌లో స్టూడియో పెట్టుకున్నాడు. పేరు స్టూడియో 24. సెట్లు వెయ్యడానికి ఫ్లోరు, వర్క్‌షాపు, ఎడిటింగ్, అన్నీ అక్కడే. అంటే ఎవడి పర్మిషన్ లేకుండా సినిమా తియ్యగలిగే ఏర్పాటు. దీనికంటే పెద్దది రెండోది, ప్రాక్టీసు. ఆలోచించండి. ఒక ఫీచర్ ఫిల్మ్ డైరెక్టర్ ఐదేళ్ళకొక సినిమా తీస్తే ఒక ఐడియా పనిచేస్తుందో లేదో తెలియడానికి ఐదేళ్ళు పడుతుంది. ఈయన నెలకి ఒకటో రెండో తీస్తున్నాడు. ఒక్కో యాడ్ ఒక్కో ఎక్స్‌పెరిమెంట్. లైట్ ఇలా పెడితే? మనిషిని గోడకి ఇంత దూరంలో నిలబెడితే? వెనకాల తలుపు సగం తెరిస్తే? మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే డైరెక్ట్‌గా ప్రొడక్షన్‌లోనే టెస్టింగ్, అదీ క్లయింట్ డబ్బుతో.

ఎనభైల మధ్యలో ఆయన స్టైల్ పూర్తిగా మారిపోయింది. మొదటి సినిమాలో ఉన్న సహజమైన వెలుతురు, ఔట్‌డోరు, క్లోజప్పులు, అన్నీ వదిలేశాడు. అంతా స్టూడియోలోనే. వైడ్ లెన్సు, కదలని కెమెరా, దగ్గరిదీ దూరందీ అన్నీ ఒకేలా క్లియర్‌గా కనిపించే ఫోకస్. మనుషుల మొహాలకి తెల్లటి మేకప్పు, పాలిపోయిన శవాల్లా. నీడలే పడని లైటింగ్. ఎందుకంటే దాక్కోవడానికి చీకటి మూల ఒకటి ఉండకూడదని. ఆ వెలుతురులో మనిషి అడ్డంగా దొరికిపోవాలి.

ఈ స్టైల్‌తో తీసిన మొదటి పెద్ద ప్రయత్నం ఒక గవర్నమెంట్ ప్రాజెక్టు. 1987లో స్వీడన్ ఆరోగ్య శాఖ సంస్థ ఎయిడ్స్ గురించి ఒక షార్ట్ ఫిల్మ్ తియ్యమంది. "సంథింగ్ హాపెండ్" అని మొదలుపెట్టాడు. ముప్పావు వంతు అయ్యాక, మరీ డార్క్‌గా ఉందని ఆపేశారు. 1993లో గానీ పూర్తి కాలేదు. ఒక జాగ్రత్త చెప్పాలి. వైరస్ ఎలా పుట్టిందన్న దాని మీద అందులో కొన్ని అనుమానాలు వినిపిస్తాయి, వాటిని సైన్స్‌గా తీసుకోకండి. అవి తప్పని తర్వాత పరిశోధనల్లో తేలిపోయింది. సినిమాగా మాత్రం, డాక్టర్లూ ఆఫీసర్లూ రోగి ముందు ఎంత చల్లగా మాట్లాడతారో చూపించే సీన్లు వదిలిపెట్టవు.

తర్వాత 1991లో ఒక షార్ట్ తీశాడు. "వరల్డ్ ఆఫ్ గ్లోరీ." పదిహేను నిమిషాలు. మీరు ఈ ఎపిసోడ్ అయ్యాక ఒక్కటే చూస్తానంటే ఇదే చూడండి. కానీ మొదటి షాట్‌కి రెడీగా ఉండండి. సెన్సిటివ్‌గా ఉండేవాళ్ళు ఒక నిమిషం ముందుకి జరుపుకోండి.

ఒక ఖాళీ స్థలం. బూడిదరంగు ఆకాశం. ఒక ట్రక్కు. బట్టల్లేని మనుషుల్ని, పిల్లల్తో సహా, దాంట్లోకి ఎక్కిస్తున్నారు. తలుపులు మూశారు. ట్రక్కు పొగ గొట్టానికి ఒక పైపు బిగించి, దాని రెండో కొన ట్రక్కు లోపలికి పెట్టారు. బండి స్టార్టయింది. అదే స్థలంలో మంచి కోట్లు వేసుకున్న కొంతమంది నిలబడి చూస్తున్నారు. ఎవరూ కదలరు. వాళ్ళలో ఒకాయన మెల్లగా మెడ తిప్పి మన వైపు, కెమెరా వైపు చూస్తాడు. మళ్ళీ అటు తిరుగుతాడు. నాజీలు ఇలాంటి ట్రక్కులు నిజంగానే వాడారు. కానీ ఇక్కడ యూనిఫారాలు లేవు, జెండాలు లేవు. అంతా మామూలు బట్టలే.

కట్. ఆ మెడ తిప్పినాయనే తర్వాతి షాట్‌లో మనకి తన జీవితం పరిచయం చేస్తాడు. ఇదిగో మా అమ్మ, ఇదిగో మా తమ్ముడు, ఇదిగో నా కారు, ఇదిగో నా మంచం. ఉద్యోగం ఏంటి? ఇళ్ళు అమ్మిపెట్టే ఏజెంటు. మళ్ళీ సేల్స్‌మనే! చర్చిలో అందరికీ ఒక్కో గుక్క ద్రాక్షరసం ఇస్తుంటే ఈయన ఆ గిన్నె వదలడు. పాస్టర్ లాగుతుంటాడు, ఈయన పట్టుకుని తాగుతూనే ఉంటాడు. నవ్వొస్తుంది. నవ్వొచ్చాక భయమేస్తుంది, దేన్ని మర్చిపోడానికి తాగుతున్నాడో మనకి తెలుసు కాబట్టి. చివర్లో రాత్రి నిద్రపట్టదు. ఎక్కడో అరుపులు వినిపిస్తున్నాయి ఆయనకి.

ఈ సినిమా నన్ను ఇబ్బంది పెట్టిన కారణం ట్రక్కు కాదు. ఆ మెడ తిప్పి చూడటం. ఫోన్‌లో రోజుకి ఎన్ని చూస్తున్నాం మనం. ఒక యాక్సిడెంట్ వీడియో, ఒక కొట్టుకునే వీడియో. చుట్టూ పదిమంది నిలబడి ఉంటారు. మనం పదకొండోవాళ్ళం. బొటనవేలితో పైకి తోసేస్తాం, తర్వాతిది వంట వీడియో.

సరే, మెయిన్ సినిమాకి వద్దాం. 1996లో "సాంగ్స్ ఫ్రమ్ ది సెకండ్ ఫ్లోర్" షూటింగ్ మొదలైంది. 2000లో అయిపోయింది. నాలుగేళ్ళు! మొదట సొంత డబ్బుతో తియ్యడం మొదలుపెట్టి, తర్వాత బయటి సహనిర్మాతల్ని కలుపుకున్నాడు. మొత్తం సినిమా 45 దాకా సీన్లు. దాదాపు ప్రతి సీనూ ఒకే షాట్. ఒక్కో షాట్‌కి ఒక్కో సెట్టు. సెట్ కట్టడం, వెనకాల దూరంగా కనిపించే వీధుల్ని బొమ్మలుగా గియ్యడం, బిల్డింగుల్ని వెనక్కి వెళ్ళేకొద్దీ చిన్నవిగా కట్టి పెద్ద వీధిలా భ్రమ కల్పించడం. రోజులు, వారాలు రిహార్సల్స్, మళ్ళీ మళ్ళీ టేకులు. ఓకే అయ్యాక సెట్ పీకేసి తర్వాతిది. సినిమా మొత్తంలో కెమెరా కదిలేది ఒక్కసారంటే ఒక్కసారే.

నటులు కూడా చాలామంది ప్రొఫెషనల్స్ కాదు. మెయిన్ క్యారెక్టర్ వేసిన లార్స్ నూర్ద్ అనే ఆయన్ని ఆండర్సన్ ఎక్కడ చూశాడో తెలుసా? ఐకియాలో. ఫర్నిచర్ షాపులో దొరికిన ఆ మనిషి సినిమాలో చేసేదీ ఫర్నిచర్ షాపు ఓనర్ పాత్రే! ఇన్సూరెన్స్ డబ్బు కోసం తన షాపు తనే తగలబెట్టుకుంటాడు. మొహమంతా మసితో, చేతిలో కాలిపోయిన కాగితాలతో మెట్రోలో నిలబడి ఉంటాడు. చుట్టూ ప్రయాణికులు ఒక్కసారిగా నోళ్ళు తెరిచి ఒపెరా పాడటం మొదలుపెడతారు. పాతికేళ్ళు ఇన్సూరెన్స్ యాడ్స్ తీసినాయన సినిమాలో ఇన్సూరెన్స్ మోసం. ఆయన నవ్వుకునే రాసుంటాడు.

నాకు బాగా గుర్తుండిపోయిన షాట్ ఇంకొకటుంది. ఒక పొడుగాటి ఆఫీసు కారిడార్. ముప్పై ఏళ్ళుగా పనిచేస్తున్న ఒకాయన్ని ఉద్యోగంలోంచి తీసేశారు. ఆయన బాస్ కాలు పట్టుకుని నేల మీద పడిపోయాడు, వదలట్లేదు. బాస్ అలాగే ఆయన్ని ఈడ్చుకుంటూ నడుస్తున్నాడు. ఇప్పుడు కారిడార్ రెండు వైపులా తలుపులు చూడండి. ఒక్కోటీ కొంచెం కొంచెం తెరుచుకుని ఉన్నాయి. లోపలినుంచి కొలీగ్స్ తొంగి చూస్తున్నారు. ఎవరూ బయటికి రారు.

లేఆఫ్స్ అంటే మన జనరేషన్‌కి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇప్పుడు కాళ్ళు పట్టుకునే సీనుండదు, పొద్దున్నే లాగిన్ అవ్వదు, అంతే. కానీ ఆ సగం తెరిచిన తలుపులు? అవి మన టీమ్ గ్రూపులో సైలెంట్‌గా ఉండిపోయే పదిహేనుమంది. ఈ షాట్‌లో క్లోజప్ పెట్టుంటే మనకి ఆ తొలగించినాయన ఏడుపు మాత్రమే కనిపించేది. కెమెరా దూరంగా ఉంది కాబట్టి తలుపులు కూడా కనిపించాయి. ఆయన స్టైల్‌కి అర్థం ఏంటని ఎవరైనా అడిగితే నేను ఈ ఒక్క షాట్ చూపిస్తా.

ఇంకా బోల్డున్నాయి. మ్యాజిక్ షోలో పెట్టెలో పడుకున్న మనిషిని నిజంగానే రంపంతో కోసేసే సీను. తలకి మించిన లగేజీ తోసుకుంటూ కౌంటర్ దాకా చేరలేకపోతున్న ఎయిర్‌పోర్ట్ జనం. ఎంతకీ కదలని ట్రాఫిక్ జామ్. చివర్లో శిలువలు అమ్మి నష్టపోయిన ఒకాయన, ఇదేం బిజినెస్ అని తిట్టుకుంటూ వాటిని చెత్తకుప్పలో విసిరేసి పోతాడు. మళ్ళీ అమ్మకమే చూశారా? మ్యూజిక్ ఎవరనుకున్నారు, ఆబా బ్యాండ్‌లో బెన్నీ ఆండర్సన్. సినిమాని పెరూ కవి సెసార్ వయేహోకి అంకితం ఇచ్చాడు.

2000 కాన్స్‌లో దీనికి జ్యూరీ ప్రైజ్ వచ్చింది. ఒంటరిగా కాదు, పంచుకున్నాడు. ఆ రెండోవారు ఎవరంటే ఇరాన్ నుంచి సమీరా మఖ్మల్‌బాఫ్, "బ్లాక్‌బోర్డ్స్" తీసిన అమ్మాయి. ఆమెకి అప్పటికి 20 ఏళ్ళు, ఈయనకి 57. ఒకే ప్రైజు!

ఆ తర్వాత 2007లో "యూ, ది లివింగ్". కొంచెం తేలిగ్గా, సరదాగా ఉంటుంది, కొత్తవాళ్ళు ఇక్కడ మొదలుపెట్టొచ్చు. అందులో ఒక అమ్మాయి తను ఇష్టపడ్డ గిటారిస్టుని పెళ్ళి చేసుకున్నట్టు కలగంటుంది. కొత్త పెళ్ళికూతురు గదిలో కూర్చుంటే కిటికీ బయట ఊరు కదులుతుంటుంది, ఇల్లే రైలైపోయింది. స్టేషన్లో ఆగితే ముక్కూమొహం తెలీని జనం వచ్చి కిటికీ దగ్గర శుభాకాంక్షలు చెప్తారు. ఆండర్సన్ సినిమాల్లో నాకు కళ్ళనీళ్ళు తెప్పించిన సీను అదొక్కటే.

2014లో "ఎ పిజన్ శాట్ ఆన్ ఎ బ్రాంచ్ రిఫ్లెక్టింగ్ ఆన్ ఎగ్జిస్టెన్స్". పేరు పలికేసరికి సగం సినిమా అయిపోతుంది. కొమ్మ మీద పావురం కూర్చుని బతుకు గురించి ఆలోచించిందట. ఇందులో హీరోలు ఎవరు? ఇద్దరు సేల్స్‌మన్లు! సామ్, జొనాథన్. వాళ్ళు అమ్మేది జనాన్ని నవ్వించే సామాన్లు. పెద్ద కోరలున్న డ్రాక్యులా పళ్ళు, నొక్కితే నవ్వే సంచీ, ఒంటిపన్ను మాస్కు. జనాలకి సరదా పంచాలనుకుంటున్నాం అని చెప్తుంటారు, చావింట్లో కూర్చున్నట్టు మొహాలు పెట్టుకుని. ఎవరూ కొనరు, కొన్నవాళ్ళు డబ్బులివ్వరు.

అదే సినిమాలో పద్దెనిమిదో శతాబ్దపు స్వీడన్ రాజు పన్నెండో చార్లెస్ గుర్రం మీద సరాసరి ఇప్పటి బారులోకి వచ్చేస్తాడు. వెనకాల సైన్యం కిటికీ బయట పోతూనే ఉంటుంది. రష్యా మీద యుద్ధానికి వెళ్తున్నాడు. 1709లో పొల్టావా దగ్గర ఆయన చిత్తుగా ఓడిపోయాడు, అది హిస్టరీ. ఇంకాసేపటికి ఆ ఓడిపోయిన రాజు మళ్ళీ అదే బారుకొస్తాడు. బాత్రూమ్‌కి వెళ్ళాలి. లోపల ఎవరో ఉన్నారు. వెయిట్ చెయ్యాలి. ఒక సామ్రాజ్యం పతనాన్ని ఇంత తక్కువ ఖర్చులో ఎవరూ చూపించలేదేమో. సారీ, తక్కువ ఖర్చు కాదు, గుర్రాలు, సైన్యం, సెట్టు అన్నీ ఉన్నాయి!

దానికి వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. ఈసారి యాడ్స్ లయన్ కాదు, అసలు సింహం. 71 ఏళ్ళ వయసులో ఆ స్టేజెక్కి ఆయన ఇటలీ సినిమా "బైసికిల్ థీవ్స్" గురించి మాట్లాడాడు. 2019లో "అబౌట్ ఎండ్‌లెస్‌నెస్"కి అదే వెనిస్‌లో బెస్ట్ డైరెక్టర్ అవార్డు. బాంబులకి కూలిపోయిన కొలోన్ నగరం మీద ఒక జంట గాల్లో కౌగిలించుకుని తేలుతూ ఉంటుంది అందులో. కింద కనిపించే ఊరంతా చేత్తో కట్టిన మినియేచర్. అదే సినిమాలో వానలో ఒక నాన్న గొడుగు పక్కన పడేసి, కూతురి షూ లేసు కడతాడు. అంతే సీను.

ఇప్పుడు అవతలి వైపు కూడా మాట్లాడాలి కదా. అందరూ ఈయన ఫ్యాన్స్ కాదు. ఎప్పుడు చూసినా అదే బూడిదరంగు గోడ, అదే తెల్ల మొహం, అదే నిట్టూర్పు అనేవాళ్ళున్నారు. వాళ్ళ మాటలో నిజముంది. చివరి సినిమాకొచ్చేసరికి కొన్ని సీన్లు ఇంతకుముందు చూసేసినట్టే ఉంటాయి నాకు కూడా. ఇంకోటి, లెక్క చూసుకోండి. యాభై ఏళ్ళలో ఆరు ఫీచర్ సినిమాలు. ఇంత నిదానంగా, ఇంత పర్ఫెక్షన్‌తో తియ్యడానికి ఒక ధర ఉంటుంది. "బీయింగ్ ఎ హ్యూమన్ పర్సన్" అని 2020లో ఆయన మీద డాక్యుమెంటరీ వచ్చింది, చివరి సినిమా తీస్తుండగా షూట్ చేసింది. అందులో ఆయన మందుతో ఎంత అవస్థ పడుతున్నాడో దాచకుండా చూపించారు. టీమ్ అంతా సెట్ రెడీ చేసి ఆయన కోసం ఆందోళనగా ఎదురుచూస్తుంటుంది. స్ఫూర్తి కథ కోసం వెళ్ళేవాళ్ళకి అది కష్టంగా ఉంటుంది. కానీ చూడాలి.

మరి మొదట్లో నేను ఆ "పాపం యాడ్స్ తీసుకున్నాడు" కథ తప్పు అన్నాను కదా. చూడండి, 1970లో ఫ్రిజ్‌లు అమ్మేవాడు. 1991లో ఇళ్ళు అమ్మేవాడు. 2000లో ఫర్నిచర్ అమ్మేవాడు, శిలువలు అమ్మేవాడు. 2014లో నవ్వులు అమ్మేవాళ్ళు. ఈ మనిషి జీవితాంతం ఒకే రకం మనిషిని తీశాడు. ఏదో ఒకటి అమ్మితే గానీ బతకలేని మనిషి, అమ్ముతూ అమ్ముతూ లోపల ఏం మిగిలిందో తెలియని మనిషి. ఈ మనిషి గురించి ఆయనకి ఇరవైల్లోనే ఒక అనుమానం ఉంది. కానీ 1970 సినిమాలో ఆ ఫ్రిజ్‌ల నాన్న మీద ఆయనకి కోపమే ఎక్కువ కనిపిస్తుంది, దూరం నుంచి వేలు పెట్టి చూపిస్తున్నట్టు. సామ్, జొనాథన్‌ల దగ్గరికొచ్చేసరికి ఆ వేలు లేదు. వాళ్ళని చూసి నవ్వుతాం గానీ వాళ్ళని అసహ్యించుకోలేం. మధ్యలో ఏం జరిగింది? 400 సార్లు ఆయనే ఏదో ఒకటి అమ్మాడు. క్లయింట్ ముందు కూర్చున్నాడు, ఇది అమ్ముడవుతుంది అని ఒప్పించాడు.

యాడ్స్ తీస్తూ యాడ్స్ ప్రపంచాన్ని తిట్టే సినిమా తియ్యడం డబుల్ గేమ్ కాదా అని ఎవరైనా అడగొచ్చు. అవును, డబుల్ గేమే. దాన్ని ఆయన దాచలేదు, 1995లో ఒక పుస్తకం కూడా రాశాడు, మన కాలం సీరియస్‌నెస్‌కి భయపడుతోంది అన్న అర్థం వచ్చే టైటిల్‌తో. రాసిన టైమ్‌కి యాడ్స్ తీస్తూనే ఉన్నాడు. నాకైతే చేతులకి మట్టి అంటకుండా గట్టు మీద నిలబడి తిట్టేవాళ్ళ సినిమాల కంటే ఇది నమ్మబుద్ధవుతుంది.

చూడాలనుకునేవాళ్ళకి నా ఆర్డర్ ఇది. ముందు "వరల్డ్ ఆఫ్ గ్లోరీ", పదిహేను నిమిషాలే కాబట్టి. తర్వాత "యూ, ది లివింగ్". అది ఎక్కితేనే "సాంగ్స్ ఫ్రమ్ ది సెకండ్ ఫ్లోర్". "గిలియాప్" చివరికి ఉంచుకోండి, కాఫీ దగ్గర పెట్టుకుని. ఇంకొక్క రిక్వెస్ట్, వీలైతే ఫోన్‌లో చూడకండి. ఫోన్‌లో వీడియో చేసి, ఫోన్‌లో చూసేవాళ్ళకి ఈ మాట చెప్తున్నానని నాకూ తెలుసు, కానీ ఆరంగుళాల స్క్రీన్ మీద ఆ కారిడార్‌లో తలుపులు కనిపించవు. ల్యాప్‌టాప్‌లోనైనా పెట్టుకోండి, ఫ్రెండ్ వాళ్ళింట్లో టీవీ ఉంటే ఇంకా మంచిది. కెమెరా కదలదు కాబట్టి మీ కళ్ళే కదలాలి. ఫ్రేమ్‌లో వెనకాల, మూలల్లో, కిటికీ బయట ఎవరున్నారో వెతకండి.

వచ్చే ఎపిసోడ్‌లో అదే స్వీడన్ నుంచి వందేళ్ళు వెనక్కి, మూకీ సినిమాల కాలానికి వెళ్దాం. విక్టర్ షోస్ట్రామ్, "ది ఫాంటమ్ క్యారేజ్". దెయ్యం బండి కథ, కాబట్టి రాత్రిపూట వినండి. ఉంటాను మరి, బై.